ఏపీ 31కి కొత్త ప్లేటు

విశాఖలో కారు నంబర్ ప్లేటు మార్చడమంటే ప్లేటుతో ఉండే పని తక్కువ, దాని స్క్రూలతో ఉండే పని ఎక్కువ. స్టీల్‌ప్లాంట్ మెయింటెనెన్స్‌లో చేసి రిటైరైనవాణ్ని, తుప్పు నాకు కొత్తేం కాదు. మాది పెదవాల్తేరు. సాయంత్రం బీచ్ వైపు నుంచి వచ్చే గాలి ఒంటికి హాయిగానే ఉంటుంది. సెల్లార్‌లో ఉన్న కార్ల కింద అదే గాలి ఏం చేస్తోందో ఒకసారి వంగి చూడండి.

నా కారు 2011 నాటిది. స్టిక్కరింగ్ షాపులో చేయించిన యాక్రిలిక్ ప్లేట్లే ఇన్నాళ్లూ ఉన్నాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఎక్కడి నుంచో ఎగిరొచ్చిన రేకు తగిలి ముందు ప్లేటు ఒక మూల చిట్లింది. ఊళ్లో చెట్లకే దిక్కు లేని రోజుల్లో నంబర్ ప్లేటు ఎవరికి గుర్తుంటుంది? ఆ తర్వాత ఎండకి అంకెలు కూడా వెలిసిపోయాయి. మా అమ్మాయి మాత్రం వచ్చినప్పుడల్లా "నాన్నా, నీ బండి నంబర్ నాకే కనబడట్లేదు" అంటూనే ఉంది. సరే, హై సెక్యూరిటీ ప్లేట్లే వేయించేద్దామనుకున్నాను.

2019 ఏప్రిల్ 1 తర్వాత తయారైన బండ్లకి ఇవి షోరూమ్‌లోనే వచ్చేస్తాయి. పాత బండ్ల వాళ్లం మనమే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. ఆర్‌సీ చూసి నంబరు, ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు కొట్టి, బిగించే చోటు, తేదీ ఎంచుకుని డబ్బు కట్టడమే. అందులో చెప్పుకోదగ్గ కష్టం లేదు, ఆర్‌సీలో ఉన్నది ఉన్నట్టు కొడితే చాలు.

మా కింద ఫ్లాట్ మాస్టారికి ఒకటే అనుమానం, "కొత్త ప్లేటు వేస్తే నంబర్ ఏపీ 39 అయిపోద్దా?" అవదండీ. ప్లేటు మారుతుంది, నంబరు అదే. రాష్ట్రమంతటికీ 39 అనే ఒకే కోడ్ 2019లో వచ్చింది, అది అప్పటి నుంచి రిజిస్టర్ అయిన బండ్లకి. నిజానికి ఆ మార్పు నాకు నచ్చలేదు. మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఆగితే 30 కనబడితే సిక్కోలు (శ్రీకాకుళం) బండి, 35 అయితే విజయనగరం బండి, 31 అయితే మనదే అని చెప్పేసేవాళ్లం. ఇప్పుడు పక్కనున్నది అనంతపురం నుంచి వచ్చిందో అనకాపల్లి నుంచి వచ్చిందో బండి చూసి చెప్పలేం.

ఇక స్క్రూల సంగతి. బిగించే రోజు కంటే ముందే పాత స్క్రూలు ఒకసారి కదిలించి పెట్టుకోండి. షాపులో కుర్రాళ్లకి వరసగా బండ్లుంటాయి. రాని స్క్రూ కనబడితే ప్లేటు కింద స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తేస్తారు, చిట్లేది మన బంపరే. నేను ముందురోజు రాత్రి డబ్ల్యూడీ-40 కొట్టి వదిలేశాను. పొద్దున్నే స్క్రూ తల మీద సుత్తితో మెల్లగా తట్టి, ముందు కొంచెం బిగించే వైపు తిప్పి, ఆ తర్వాత వదులు చేసే వైపు తిప్పాను. తుప్పు పట్టు వదలాలంటే ఇదే పద్ధతి. నేరుగా వదులు చేయబోతే తల గాడి అరిగిపోతుంది, ఆపైన డ్రిల్ తప్ప దారి లేదు. వెనక వైపు స్క్రూ ఒకటి అంతదాకా తెచ్చింది కూడా. సన్న బిట్టు పెట్టి తల తీసేశాను. మిగతావి మళ్లీ వేసి, వేళ్లతో తిరిగేంత బిగువులో ఉంచాను. ప్లేటు లేకుండా రోడ్డెక్కకూడదు కదా.

షోరూమ్‌లో కుర్రాడు ఊడొచ్చిన స్క్రూలు అరచేతిలో వేసుకుని "ఏటి బాబాయ్, సముద్రంలోంచి తీసారేటి?" అన్నాడు. ఇంచుమించు అంతే మరి.

కొత్త ప్లేటు ఒక మిల్లీమీటరు మందం అల్యూమినియం రేకు. ఎడమ పక్కన పైన అశోక చక్రం హోలోగ్రామ్, కింద లేజర్‌తో చెక్కిన ప్లేటు సీరియల్ నంబరు. బండి నంబరు అక్షరాలు ఉబ్బెత్తుగా 65 మిల్లీమీటర్ల ఎత్తుంటాయి, వాటి మీద నల్ల ఫాయిల్‌లో ఇండియా అని ఏటవాలుగా ఉంటుంది. పనితనం బాగుంది, ఆ మాట ఒప్పుకోవాలి. నాకు నచ్చనిది బిగించే తీరు. ఈ ప్లేట్లకి వేసేది స్నాప్ లాక్. ఒకసారి లోపలికి నొక్కితే మళ్లీ రాదు, తీయాలంటే విరగ్గొట్టాల్సిందే. అందుకే నొక్కకముందే ఆర్‌సీ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూశాను. కుర్రాడికి విసుగొచ్చింది, వస్తే రానీ.

బంపర్ వంపుగా ఉంటుంది, ప్లేటు అర మీటరు పొడవున తిన్నగా ఉంటుంది. వంపుకి ఆనేదాకా నొక్కితే ప్లేటు వంగి మెరిసే పొర ముడతలు పడుతుంది. చివర్ల వెనక రబ్బరు ముక్కలు పెట్టమన్నాను. అతని దగ్గర లేవు, నా జేబులో ఉన్నాయి. ముందు ప్లేటు మధ్యలో అదనంగా మామూలు ఇనప స్క్రూ వేయబోతుంటే మాత్రం చెయ్యి పట్టుకున్నాను. అల్యూమినియానికి ఇనుము నేరుగా తగిలి, మధ్యలో ఉప్పు తేమ చేరితే రెండూ కలిసి బ్యాటరీలా పనిచేస్తాయి. అందులో తినిపోయేది అల్యూమినియమే. రంధ్రం చుట్టూ సున్నంలాంటి తెల్ల పొడి కనబడుతుందే, అది దాని పనే. ప్లేటు కనీసం ఐదేళ్లు చెక్కుచెదరకూడదని రూల్‌లోనే ఉంది. రూల్ రాసినవాళ్లు మన బీచ్ రోడ్డులో కారు పెట్టి ఉండరు. అటూ ఇటూ నైలాన్ వాషర్ వేసి, స్టెయిన్‌లెస్ స్క్రూ పెట్టి, గ్రీజు కొంచెం రాస్తే ఆ గొడవ చాలావరకు తగ్గుతుంది. పూర్ణా మార్కెట్ వైపు హార్డ్‌వేర్ షాపుల్లో వాషర్లు చిల్లర డబ్బులకే దొరుకుతాయి.

చివర్లో అద్దానికి లోపలి నుంచి అంటించే స్టిక్కర్ ఇచ్చాడు. పెట్రోలు బండికి లేత నీలం, డీజిల్‌కి నారింజ. నాది డీజిల్, చేతిలో పెట్టింది నీలం. మార్చి తెచ్చేసరికి మధ్యాహ్నమైంది.

ఇంటికొచ్చేసరికి మాస్టారు గేటు దగ్గరే ఉన్నారు. ప్లేటు చూసి, "మా బండికి కూడా ఆ స్క్రూలేవో ముందే కదిలించి పెట్టగలరా?" అన్నారు. ఆదివారం రమ్మన్నాను. వాషర్లు ఇంకా మిగిలే ఉన్నాయి.