దండం లోపల ఏముంది?

పర్లాకిమిడి కొమ్ముపని అనగానే అందరికీ కొంగలూ రొయ్యలూ గుర్తొస్తాయి. షోకేసులో పెట్టుకునే బొమ్మలు. నేను అదే గేదె కొమ్ముతో మంత్రదండం చేయించుకున్నాను. పగలు నాకు జెరాక్సు షాపు. సాయంత్రాలు పుట్టినరోజులకీ, స్కూలు ఫంక్షన్లకీ మేజిక్ చేస్తాను. ఇటు గుణుపురం దాకా వెళ్తాను, అటు బోర్డర్ దాటి పాతపట్నం దాకా. ఊరిని బట్టి ఒక వాక్యం ఒడియాలో, ఒక వాక్యం తెలుగులో పడుతుంది. జనం కూడా అలాగే నవ్వుతారు.

కొమ్ముపని చేసే పెద్దాయన్ని నేను మావయ్యా అంటాను. "పన్నెండు అంగుళాలు ఉండాలి మావయ్యా, నిటారుగా" అని చెప్పాను. ఆయన నా వైపు చూడకుండానే, "నిటారుగా కావాలంటే వెదురు ఉంది కదా బాబూ, కొమ్ముతో ఏం పని?" అన్నాడు. అయినా నిప్పు మీద వెచ్చబెట్టి, మెత్తబడ్డాక ఒంపు తీసి, ఆకురాయితో అరగదీసి ఇచ్చాడు. ఎంత తీసినా కాస్త వంపు మిగిలింది. కొస గట్టిగా, బరువుగా ఉంటుంది. మొదలు వైపు వేలు దూరేంత బోలు. కొమ్ము తీరే అంత.

ఆ వంపు చూసి మొదట్లో మొహం మాడ్చుకున్నా, తర్వాత ఈజిప్టు వాళ్ల దండాల గురించి చదివి ఊరుకున్నాను. సుమారు నాలుగు వేల ఏళ్ల కిందట వాళ్లు నీటి ఏనుగు దంతంతో దండాలు చేసేవారు. దంతం ఎటు వంగితే దండమూ అటే. వాటి మీద సింహాలు, కప్పలు, కత్తులు పట్టుకున్న వింత రూపాలు చెక్కి ఉంటాయి. బాలింతనీ పసిబిడ్డనీ కాపాడడానికట. కొన్నిటి కొసలు అరిగిపోయి ఉన్నాయి. పడక చుట్టూ నేల మీద గీత గీసేవారేమోనని పండితుల ఊహ. అంటే మంత్రదండం నిటారుగానే ఉండాలన్న రూలేమీ లేదు.

రూళ్లు పెట్టింది యూరప్ తాంత్రికులు. సొలొమోను పేరు మీద చలామణీ అయిన పాత మంత్రగ్రంథం ఒకటుంది. దాని ప్రకారం దండానికి హేజెల్ కొమ్మ కావాలి, అదీ ఆ ఏడాది పెరిగిన లేత కొమ్మే. బుధవారం సూర్యోదయాన ఒక్క వేటుకి తెగాలి. మన వైపు మూలికలు పీకడానికి వారం, వర్జ్యం చూసేవాళ్లకి ఇది కొత్తగా అనిపించదు. 1888లో లండన్‌లో మొదలైన గోల్డెన్ డాన్ అనే రహస్య సంఘంలో కవి యేట్స్ కూడా సభ్యుడే. అక్కడ సభ్యులు ఎవరి దండం వాళ్లే చేసుకుని రంగులు వేసుకోవాలి. అగ్నికి సంబంధించిన దండంలోనైతే ఈ కొస నుంచి ఆ కొసకి అయస్కాంతం చేసిన ఉక్కు కడ్డీ దూర్చాలి. బయటికి కనిపించదు.

ఇది చదివి నాకు నవ్వొచ్చింది. లోపల ఏదో ఒకటి దాచడం మా వాళ్ల పని కదా! మాయమయ్యే దండం అని ఒక పాత ఐటమ్ ఉంది. బల్ల మీద కొడితే టక్‌మంటుంది. న్యూస్‌పేపర్లో చుట్టి, పరపరా చింపేస్తే దండం ఉండదు. గట్టి ముక్క కొసల్లోనే ఉంటుంది, మిగతాదంతా నల్ల కాగితం గొట్టం. మేం జనం కనిపెట్టకుండా దాస్తాం. అయస్కాంతం దూర్చుకున్నవాడు ఎవరికోసం దాచినట్టు? తనకోసమే అనుకుంటాను. తయారీకి పడ్డ కష్టమంతా లోపల ఉందని వాడికి గుర్తుండాలి.

నిజానికి స్టేజీ మీద దండం చేసే పెద్ద పని లోపల జరగదు, చేతిలో జరుగుతుంది. బంతి దాచుకున్న అరచెయ్యి సగం ముడుచుకుని ఉంటుంది. ఖాళీ చెయ్యి అలా ముడిస్తే మూడో తరగతి పిల్లాడికి కూడా అనుమానం వస్తుంది. అదే చేతిలో కర్ర ఉంటే ఎవరూ అడగరు. ఇంకోటి, కర్ర కోసం జేబులో చెయ్యి పెట్టొచ్చు. పెట్టిన చెయ్యి ఏం వదిలి వచ్చిందో, ఏం పట్టుకొచ్చిందో చూడరు, కర్రనే చూస్తారు. రహస్యం చెప్పేశాడని తోటి మెజీషియన్లు తిట్టుకోకండి, ఇంతమాత్రం ఏ మేజిక్ పుస్తకంలోనైనా ఉంది. మన వీధి గారడీవాడికి బల్ల కూడా అక్కర్లేదు. నేల మీద గొంతుక్కూచుని, బుడిపె ఉన్న చిన్న గిన్నెల మధ్య గుడ్డ బంతులు తిప్పేవాడు. చేతిలో చిన్న కర్రముక్కో ఎముకో. పని అదే.

అమెరికాలో మెజీషియన్ చనిపోతే అతని దండం విరిచేస్తారు. 1926లో హుడీనీ అంత్యక్రియల్లో మొదలైన ఆచారం ఇది. ఈ మాట చెబితే మావయ్య, "విరగ్గొట్టేదానికైతే కర్రది కొనుక్కో, నా పని పాడుచెయ్యకు" అన్నాడు.

కథల్లో దండాలకి ఈ తిప్పలు లేవు. గ్రీకుల కథలో కిర్కే అనే మంత్రగత్తె కర్రతో తట్టగానే ఓడిస్సియస్ మనుషులు పందులైపోతారు. నాకు మాత్రం వసిష్ఠుడి బ్రహ్మదండమే ఇష్టం. అది ఏదీ సృష్టించదు, ఎవర్నీ మార్చదు. విశ్వామిత్రుడు వేసిన అస్త్రాలన్నీ, చివరికి బ్రహ్మాస్త్రాన్ని కూడా, మింగి ఊరుకుంటుంది. "ఏకేన బ్రహ్మదండేన సర్వాస్త్రాణి హతాని మే" (ఒక్క బ్రహ్మదండంతో నా అస్త్రాలన్నీ నాశనమయ్యాయి) అని విశ్వామిత్రుడు వాపోయేది అందుకే.

కొండ ఊళ్లలో షో అంటే మాత్రం కొంచెం టెన్షన్. ఒకసారి ఆట అయ్యాక ఒకామె కూతుర్ని ఎత్తుకొచ్చింది. "గుంటకి జొరం తగ్గట్లేదు బాబూ, ఆ కర్ర ఒకసారి తాకించు." నేను కర్ర సంచిలో పెట్టేసి, ఆశా దీదీని పిలిపించి, ఆస్పత్రికి తీసుకెళ్లమని చెప్పాను. ఆమె మొహంలో నమ్మకం మాత్రం ఆ సంచి వైపే ఉంది. చిల్లంగి పెట్టిందని ఆడవాళ్లని కొట్టి చంపడాన్ని ఆపడానికి ఒడిశా 2013లో ప్రత్యేక చట్టం చెయ్యాల్సి వచ్చింది. అలాంటి చోట నాకు మహిమ ఉందనిపించుకుని దిగిపోలేను. అందుకే కొండ ఊళ్లలో కాగితం దండాన్ని చివర్లో విప్పి, గొట్టాన్ని పిల్లల చేతికే ఇస్తాను. మా వృత్తి ధర్మానికి ఇది విరుద్ధం అంటారు. అనుకోనివ్వండి.

పాతపట్నంలో మొన్నటి పుట్టినరోజులో ఒక పాప నా కొమ్ము దండాన్ని చేతిలోకి తీసుకుంది. హ్యారీ పాటర్ దండం పదకొండు అంగుళాలట, హోలీ కర్రట, లోపల ఫీనిక్స్ ఈక ఉంటుందట, గడగడా చెప్పింది.

"నీదేం కర్ర అంకుల్?"

"గేదె కొమ్ము."

"లోపల ఏముంది?"

నేను జవాబు వెతుక్కునేలోపే దాన్ని తిరగేసి, బోలు వైపు వేలు పెట్టి చూసింది.

"ఓ, బంతి ఇందులో దాస్తావా?"

అందరూ నా వైపు తిరిగారు. బర్త్‌డే కేకు వచ్చేసింది, రండి రండి అని అరిచాను.