పన్నులో పాదరసం మానేశాక, ఆ గుంతని దేనితో నింపాలి

పిప్పి పన్ను నింపడాన్ని విశాఖలో అందరూ "సిమెంటు పెట్టించుకోవడం" అనే అంటారు. ఆ ఒక్క మాట కింద మూడు నాలుగు వేరువేరు పదార్థాలున్నాయి. వాటిలో నల్లబడే వెండి సిమెంటు, అంటే అమాల్గం, ఇప్పుడు వెళ్ళిపోతోంది. దాని బరువులో దాదాపు సగం పాదరసమే. మిగతాది వెండి, తగరం, రాగి కలిసిన పొడి.

పాదరసం వాడకాన్ని తగ్గించడానికి 2013లో జపాన్‌లో దేశాల మధ్య కుదిరిన మినమాటా ఒప్పందం 2017 ఆగస్టు 16న అమల్లోకి వచ్చింది. మన దేశం 2018లో అందులో చేరింది. 2022లో రెండు షరతులు కలిపారు. ఒకటి, దంత వైద్యులు సీసాలోని విడి పాదరసం వాడకూడదు. రెండోది, పాలపళ్ళకీ, 15 ఏళ్ళ లోపు పిల్లలకీ, గర్భిణులకీ, పాలిచ్చే తల్లులకీ డాక్టరు తప్పదనుకుంటే తప్ప అమాల్గం పెట్టకూడదు. 2025 నవంబరులో జెనీవాలో అమాల్గం పూర్తిగా మానడానికి చివరి గడువు 2034 అని తేల్చారు. ఐరోపా సమాఖ్య అంతదాకా ఆగలేదు, 2025 జనవరి 1 నుంచే ఆపేసింది.

గడువు 2034 దాకా ఉందిలే అనుకునే క్లినిక్కులకి నేను చెప్పాలనుకుంటున్నది ఒకటే. ఈ మార్పులో డబ్బా మార్చడం తేలిక, చెయ్యి మార్చుకోవడమే కష్టం. అమాల్గం తొందరని భరించింది, కాస్త తడినీ భరించింది. అంచున లాలాజలం తగిలినా, దవడ పన్నులో గట్టిగా కూరితే పదిహేనేళ్ళు నిలిచిన ఫిల్లింగులు ఎన్నో. దాని బదులు వచ్చిన గ్లాస్ అయానమర్ (గాజు పొడిని ఆమ్ల ద్రవంతో కలిపి చేసే సిమెంటు) గానీ, కాంపోజిట్ (లైటు వేస్తే గట్టిపడే పంటి రంగు రెసిన్) గానీ ఆ తప్పుల్ని క్షమించవు. పైగా మనది సముద్రపు ఊరు. మే, జూన్ నెలల్లో ఏసీ లేని గదిలో గాలే తడిగుడ్డలా ఉంటుంది.

ముందు గ్లాస్ అయానమర్ సంగతి. పాలపళ్ళకీ, వేరు దగ్గరి పుచ్చులకీ, పూర్తిగా ఆరబెట్టడం కుదరని చోటా ఇదే సరైనది. దవడ పళ్ళకి చిక్కటి రకం, తొమ్మిదో టైపు, తీసుకోవాలి. పొడి సీసాని కదిలించి వదులు చేశాక చెంచా నింపి అంచుకి సమానంగా గీకాలి. ద్రవం సీసాని నిట్టనిలువుగా తలకిందులు చేసి చుక్క వెయ్యాలి. వంచి వేస్తే చుక్కలో గాలి బుడగ వచ్చి కొలత తప్పుతుంది. పొడిని రెండు భాగాలు చేసుకుని, మొదటిది పది సెకన్లలో, రెండోది మరో పదిహేను ఇరవై సెకన్లలో కలిపెయ్యాలి. పలచగా ఉంటే పెట్టడం సులువని ఒక చుక్క ఎక్కువ వేస్తారు చూడండి, ఆ ఫిల్లింగు ఏడాదిలో అరిగిపోతుంది.

కలిపిన ముద్ద మీద తడి మెరుపు ఉండగానే పంటిలోకి వెళ్ళాలి. ఆ మెరుపంటే పంటిలోని కాల్షియాన్ని పట్టుకునే ఆమ్లం ఇంకా మిగిలుందని అర్థం. మెరుపు పోయి మసకబారిన ముద్దని పెడితే అది గుంతలో కూర్చుంటుందే గానీ పంటికి అంటుకోదు. వేడికి ఈ మెరుపు త్వరగా పోతుంది కాబట్టి గాజు పలకని ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరచమని పుస్తకాలు చెబుతాయి. విశాఖలో ఆ సలహాని గుడ్డిగా పాటించకండి. ఉక్క రోజున ఫ్రిజ్‌లోంచి తీసిన పలక నిమిషంలో చెమటలు పట్టేస్తుంది. ఆ నీరు ముద్దలో కలిస్తే మీరు కొలిచిన కొలతంతా వృథా. ఏసీ గదిలో ఉంచిన పలక చాలు. పైన కాగితం ప్యాడు పరిస్తే ఇంకా మంచిది. ద్రవం సీసాని మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకండి, చిక్కబడి చుక్క సరిగ్గా రాదు.

పెట్టే ముందు గుంతకి 10 శాతం పాలీఆక్రిలిక్ ఆమ్లం 20 సెకన్లు రాసి, కడిగి, తుడవాలి. ఎండబెట్టకూడదు. పెట్టిన వెంటనే పైన వార్నిష్ గానీ వ్యాజ్‌లీన్ గానీ రాయాలి. మొదటి గంటల్లో దీనికి నీరు తగిలినా ప్రమాదమే, ఏసీ గాలికి ఎండినా పగుళ్ళే. ఆ వైపు 24 గంటలు నమలొద్దని చెప్పి పంపండి.

కాంపోజిట్‌ది వేరే లెక్క. ఇక్కడ పని చెడేది ఎక్కువగా తడితోనే. రబ్బర్ డ్యాం, అంటే ఉమ్మి తగలకుండా పన్ను చుట్టూ బిగించే రబ్బరు తెర, వెయ్యకుండా దవడ పన్నుకి కాంపోజిట్ పెట్టడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. 37 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం 15 సెకన్లు, తర్వాత బాగా కడగడం, ఆపై ఆరబెట్టడం. ఎనామిల్ కింద ఉండే లోపలి పొర డెంటిన్‌ని మాత్రం కరకరలాడేలా ఎండబెడితే అందులోని కొల్లాజెన్ పోగులు కుప్పకూలి, బాండింగ్ అనే అంటించే ద్రవం లోపలికి ఇంకదు. చల్లనీళ్ళు తాగితే జివ్వుమనడం ఆ తర్వాత మొదలవుతుంది. ఆమ్లం కడిగాక ఉమ్మి తగిలితే తుడిచి సరిపెట్టకండి, మళ్ళీ మొదటినుంచి రావాలి.

పొరకి 2 మిల్లీమీటర్లు మించకూడదు. మందపు పొరల కోసం చేసిన బల్క్ ఫిల్ రకమైతే 4 దాకా వెళ్ళొచ్చు. ఒక్కో పొరకి మామూలుగా 20 సెకన్ల లైటు. గట్టిపడేటప్పుడు ఈ పదార్థం రెండు మూడు శాతం కుంచించుకుపోతుంది. ఒకేసారి నింపేస్తే ఆ లాగుడికి అంచు ఊడి సందు పడుతుంది. లైటు కొనకి ఎండిన రెసిన్ అంటుకుని ఉందేమో రోజూ చూడాలి, కాంతి బలాన్ని రేడియోమీటరుతో నెలకోసారైనా కొలవాలి. బలం తగ్గిన లైటు కింద పై పొర గట్టిగానే ఉంటుంది, అడుగు మెత్తగా ఉండిపోతుంది. ఆ తేడా ఆ రోజు తెలియదు.

మన ఇళ్ళకి సంబంధించిన సంగతి ఇంకొకటుంది. పన్ను నొప్పికి ముందు లవంగ నూనె దూది పెట్టుకుని ఆ తర్వాతే ఆస్పత్రికి వస్తారు. లవంగ నూనెలోని యూజినాల్ రెసిన్ గట్టిపడటాన్ని అడ్డుకుంటుంది. లవంగం పెట్టారా అని అడగండి. పెడితే గుంత గోడల్ని బర్‌తో, అంటే డ్రిల్లు ములుకుతో, తాజాగా గీకి, కడిగి, అప్పుడు మొదలుపెట్టండి. యూజినాల్ కలిసిన తాత్కాలిక సిమెంటు పెట్టిన పళ్ళకీ ఇదే జాగ్రత్త.

రెండు పళ్ళ మధ్య గుంతల్లో ఇంకో చిక్కు. అమాల్గాన్ని కూరుతుంటే అది పన్ను చుట్టూ అచ్చులా బిగించే లోహపు బ్యాండుని పక్క పంటి మీదకి నెట్టేది. కాంపోజిట్ అలా నెట్టదు. పాత గుండ్రటి బ్యాండే వాడితే సందు మిగిలి, మాంసం పీచూ కొబ్బరి తురుమూ అక్కడ ఇరుక్కుంటాయి. చిన్న ముక్క బ్యాండు, కొయ్య చీల, రింగు, ఈ మూడూ కొనక తప్పదు.

ఇక బీరువాలో మిగిలిన పాదరసం. దీని గురించి ఎవరూ మాట్లాడరు, నా మటుకు అసలు భయం ఇక్కడే ఉంది. పాదరసం గది వేడికే ఆవిరవుతుంది, రంగూ వాసనా ఉండవు. గాలాడని ఏసీ గదిలో ఆ ఆవిరి పీల్చేది రోజంతా అక్కడే ఉండే అసిస్టెంటు అమ్మాయి. కింద ఒలికితే చీపురు, వాక్యూం క్లీనర్ ముట్టుకోకండి, బొట్టు వెయ్యి బొట్లవుతుంది. కిటికీలు తెరిచి, చేతికున్న బంగారపు ఉంగరం తీసేసి, గ్లవ్స్ వేసుకోండి. పాదరసం తగిలిన బంగారం తెల్లబడిపోతుంది. రెండు గట్టి అట్టముక్కలతో బొట్లని ఒకచోటికి తోసి, సిరంజితో పీల్చి, మిగిలిన చిన్నవి టేపుతో అద్ది, అన్నీ బిగుతు మూత ఉన్న సీసాలో వెయ్యండి. అమాల్గం ముక్కలు, వాడిన క్యాప్సూళ్ళు, అమాల్గం ఉన్న పీకేసిన పళ్ళు కూడా విడిగా అలాంటి సీసాలోకే. వాటిని ఆటోక్లేవ్‌లో (పరికరాల్ని ఆవిరితో శుద్ధి చేసే యంత్రం) పెట్టించకండి, కాల్చే చెత్తలో అసలు కలపకండి.

కుర్చీ పక్కన సక్షన్ జాలీని సింకులో కడిగితే ఆ ముక్కలు కాలవలోకి పోతాయి, అక్కడినుంచి సముద్రందాకా దారి ఉంది. పైపులు శుభ్రం చెయ్యడానికి బ్లీచింగ్ ద్రావణం పొయ్యకండి. క్లోరిన్ ఆ అమాల్గం నుంచి పాదరసాన్ని కరిగించి పైకి తెస్తుంది. నీటిలో చేరిన పాదరసాన్ని సూక్ష్మజీవులు మిథైల్ పాదరసంగా మారుస్తాయి, అది చిన్న చేపల నుంచి సొర లాంటి పెద్ద చేపలకి పేరుకుంటూ పోతుంది. రోజూ ఫిషింగ్ హార్బర్ చేప తినే ఊరికి ఇది దూరపు సంగతేమీ కాదు. నోట్లో మిగిలినది కూడా ఎప్పటికో చితి మంటల్లో గాలిలో కలిసేదే.

మరి నోట్లో ఉన్న పాత వెండి సిమెంటు తీయించుకోవాలా? బాగున్నంతకాలం అక్కర్లేదు. తీసేటప్పుడు వచ్చే ఆవిరి, నోట్లో ఉంచుకుంటే వచ్చే దానికంటే ఆ కాసేపట్లో ఎక్కువ, పైగా కొంత మంచి పన్నూ పోతుంది. విరిగితే, కింద పుచ్చు కనిపిస్తే, అలర్జీ తేలితే తీయాలి. అప్పుడు రబ్బర్ డ్యాం, పెద్ద సక్షన్, ధారగా నీళ్ళు, కొత్త కార్బైడ్ బర్ ఉండాలి. మొత్తం అరగదియ్యకుండా నడుమ గాడి కోసి, పెద్ద ముక్కలుగా లేపి తియ్యాలి. ఆ ముక్కలు కూడా మూత బిగించిన ఆ సీసాలోకే.