52 రోజుల తర్వాత ఇంటికొచ్చిన నా సిర్కా పీపాలు

సోమవారం సాయంత్రం ఆటోలో సిర్కా, అంటే వెనిగర్, పోసి ఉంచే మూడు చిన్న పీపాలు పెట్టుకుని హన్మకొండలోని మా ఇంటికి వచ్చాను. 52 రోజుల కింద ఇవే పీపాలు జీపులో వెళ్లాయి. ఇవాళ శుక్రవారం. కోపం ఇంకా చల్లారలేదు, కానీ గుండెల మీద బరువు మాత్రం దిగింది. ఇంట్లో సిర్కా చేసి పీపాల్లో పాతబెట్టాలనుకునేవాళ్లకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. స్పెయిన్‌లో హెరెస్ అనే ఊళ్లో షెర్రీ అనే ద్రాక్ష వైన్‌ను పీపాల్లో ఏళ్ల తరబడి ఉంచి ఎలా పాతబెడతారో చదివినప్పటి నుంచి ఆ పద్ధతి నా మనసులో ఉండిపోయింది. దాని పేరు సొలేరా. ఓక్ పీపాలను వరసల మీద వరసలుగా పేరుస్తారు. అన్నిటికంటే కింద, నేలకు దగ్గరగా ఉండే వరస సొలేరా. పై వరసలను క్రియాదెరా అంటారు, మన నారుమడి లాంటి మాట. వాడుకోవడానికి కింది పీపా నుంచే తీస్తారు, అదీ మూడోవంతుకు మించకుండా. తీసినంత మేర పై పీపాలోంచి నింపుతారు, ఆ పై పీపాను దాని పై దానిలోంచి. కొత్త సరుకు అన్నిటికంటే పై దానిలోనే పడుతుంది. ఏ పీపా ఎప్పుడూ ఖాళీ కాదు. నిన్నటి పెరుగు ఇవాళ్టి పాలకు తోడైనట్టు, పాతది ఎప్పుడూ కొంత మిగిలి కొత్తదాన్ని తనలో కలుపుకుంటుంది.

రమ్ము, బ్రాందీ కూడా కొన్ని దేశాల్లో ఇలాగే పాతబెడతారు. మరి నువ్వూ సారానే పెట్టొచ్చు కదా అని అడిగినవాళ్లున్నారు. ఇంట్లో సారా కాయడం మన దగ్గర నేరం. నేరం కాకపోయినా నేను చేసేవాణ్ని కాదు. నల్లబెల్లం, పటిక వేసి కాసిన గుడుంబా మా వైపు ఎన్ని ఇళ్లను పాడుచేసిందో కళ్లారా చూశాను. నా క్లాసులో ముందు బెంచీలో కూర్చున్న పిల్లలు, తండ్రి పోయి చదువు మానేసి కూలికి పోయారు. అందుకే నేను సిర్కా ఎంచుకున్నాను. హెరెస్‌లో సిర్కాను కూడా సొలేరాలోనే పాతబెడతారు. కనీసం ఆరు నెలలు పీపాలో ఉంటేనే అది హెరెస్ సిర్కా. రెండేళ్లుంటే రిజర్వా, పదేళ్లుంటే గ్రాన్ రిజర్వా.

వాళ్లకు ద్రాక్ష ఉంది, మనకు కల్లు ఉంది. వర్ధన్నపేట వైపు తెలిసిన గౌడన్న దగ్గర చలికాలంలో ఈతకల్లు, ఎండలు ముదిరాక తాటికల్లు, ఒక్కోసారి మూడేసి లీటర్లు తెచ్చేవాణ్ని. చెట్టు దించిన లొట్టిలోంచి నేరుగా పోయించుకోవాలి, మందు కలిపిన కల్లు సిర్కాకు పనికిరాదు. వెడల్పు మూతి జాడీలో పోసి, పల్చటి బట్ట కట్టి, పాత సిర్కా మీద తేలే మీగడలాంటి తల్లిని కొంచెం వేస్తే చాలు. గాలి తగులుతూ ఉంటే కల్లులోని ఆల్కహాల్‌ను బ్యాక్టీరియా ఎసిటిక్ ఆమ్లంగా మార్చేస్తుంది. బట్ట కట్టకపోతే సన్న ఈగలు పడతాయి. ఈ దశలో నాకు ఏ ఇబ్బందీ రాలేదు.

పీపాలు ఆన్‌లైన్లో తెప్పించాను. అయిదేసి లీటర్ల ఓక్ పీపాలు మూడు. రెండు బాగానే వచ్చాయి, మూడోదానికి పలక పగిలింది. మార్చి ఇవ్వమంటే అమ్మినవాడు నెలరోజులు తిప్పాడు. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి, తీయకపోతే మీ మాట ఎవరూ నమ్మరు. ఇంకో సంగతి, వాటికి ఇత్తడి కుళాయి ఇచ్చాడు. పెంబర్తి ఇత్తడి పక్కన పెరిగినవాణ్ని, కళాయి లేని ఇత్తడి గిన్నెలో మా అమ్మ పులుసు పోయనిచ్చేది కాదు. పులుపు తగిలితే చిలుము పడుతుంది, అది విషం. కుళాయిలు పీకేసి చెక్కవి పెట్టించాను. ఇనుప పట్టీలకు కూడా సిర్కా తగలకుండా మైనం పూయాలి.

2021 సంక్రాంతికి మూడు పీపాల్లో నాలుగున్నరేసి లీటర్లు పోశాను. ఏడాది ఆగి, ఆ తర్వాత ఆరు నెలలకోసారి లీటరున్నర చొప్పున దించాను. లెక్క చెప్తాను చూడండి. ప్రతిసారీ మూడోవంతు తీస్తే ఒక్కో పీపాలో సరుకు సగటున మూడు విడతలు, అంటే ఏడాదిన్నర ఉంటుంది. మూడు పీపాలు దాటి వచ్చేసరికి సగటు వయసు నాలుగున్నరేళ్లు. ఇలా కొన్నేళ్లు నడిపితే ఆ వయసు దగ్గర నిలబడుతుంది, మనం తీసుకుంటూనే ఉన్నా తగ్గదు. చిన్న పీపాలో చెక్క త్వరగా ఎక్కుతుంది, ఎందుకంటే లోపలి సరుకుతో పోలిస్తే చెక్క తగిలే వైశాల్యం ఎక్కువ. అయిదు లీటర్ల పీపాలో ఒకే సరుకును ఏళ్లకేళ్లు వదిలేస్తే రంపపుపొట్టు నమిలినట్టుంటుంది. సొలేరాలో కొత్తది కలుస్తూ ఉండడం వల్ల ఆ వగరు అదుపులో ఉంటుంది.

కొలత లేకుండా నేను ఏదీ నమ్మను. 5 మిల్లీలీటర్ల సిర్కాలో రంగు మారి ఆమ్లం అయిపోయిందని చెప్పే ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు వేసి, బ్యూరెట్ అనే కొలత గీతల గాజు గొట్టంలోంచి 0.5 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ అనే క్షారాన్ని వదిలేవాణ్ని. లేత గులాబీ రంగు నిలిచే దగ్గర ఆపితే, పడిన ఒక్కో మిల్లీలీటరుకు 0.6 శాతం ఎసిటిక్ ఆమ్లం ఉన్నట్టు. జాడీలోని కొత్త సిర్కాకు 7 మిల్లీలీటర్లు పట్టాయి, అంటే 4.2 శాతం. సిర్కాలో కనీసం 3.75 శాతం ఉండాలని మన ఆహార నిబంధన. ఈ జనవరిలో కింది పీపాకు 9 పట్టాయి, 5.4 శాతం! మన ఎండలకు చెక్కలోంచి నీరు ఆవిరైపోయి చిక్కబడింది. బెల్లం పాకం రంగు, ముందు పులుపు, వెనక ఎండు ఖర్జూరం లాంటి తీపి వాసన. వరంగల్లో ఇంతటి సిర్కా ఇంకెవరింట్లోనూ లేదని ధైర్యంగా చెప్తాను.

మార్చిలో ఒకరోజు పొద్దున ఏడింటికి గేటు చప్పుడైంది. నలుగురు వచ్చారు, ఇద్దరు యూనిఫాంలో, ఇద్దరు మామూలు బట్టల్లో. గుడుంబా దాడులు చేసే సిబ్బంది. ఏ స్టేషన్‌వాళ్లో రాయను. మా గల్లీలోంచే ఎవరో ఫోన్ చేశారట, ఈ ఇంట్లోంచి పులిసిన వాసన వస్తోంది, రాత్రిళ్లు ఏదో కాస్తున్నారు అని. మెట్ల కింద గదిలో పీపాలు, పక్కన స్టాండుకు బిగించిన బ్యూరెట్, రెండు ఫ్లాస్కులు. ఒకాయన ఆ గాజు గొట్టాన్ని వేలితో తట్టి, “బట్టీ దొరికింది సార్” అని కేకేశాడు.

“అది బట్టీ కాదు బాబూ, బ్యూరెట్. ఇది సిర్కా. వాసన చూడండి” అన్నాను. చూడలేదు. నాలుక మీద చుక్క వేసుకోమన్నాను. “మాకు తాపిస్తవా?” అని గద్దించాడు. మా ఆవిడ వంటింట్లోంచి వంటసోడా తెచ్చి గిన్నెలో పోసిన సిర్కాలో వేసింది, బుసబుసా పొంగింది. సోడా వేస్తే అన్నీ పొంగుతాయన్నారు. చివరికి దూది వత్తి సిర్కాలో ముంచి అగ్గిపుల్ల గీశాను. ఘాటు సారా అయితే నీలిమంటతో అంటుకుంటుందని వాళ్లకు నాకంటే బాగా తెలుసు. వత్తి అంటుకోలేదు. మూడు పుల్లలు గీశాను. ఒక కుర్ర కానిస్టేబుల్ మాత్రం వత్తి వైపు, పెద్ద సారు వైపు మార్చి మార్చి చూశాడు. పెద్ద సారు ఫోన్లో మాట్లాడుతూ బయటికి వెళ్లిపోయాడు.

స్టేషన్లో ఒక టేబుల్ మీద మూడు పీపాలూ, ముందు ఫ్లాస్కులూ, పక్కన బ్యూరెట్ స్టాండూ పెట్టారు. వెనక నన్ను నిలబెట్టారు. పేపర్లలో చూస్తుంటాం కదా, పట్టుబడ్డ సరుకు ముందు, దొంగ వెనక. అలా నిలబెట్టి ఫోటో తీశారు. తల దించుకుంటే, “తలెత్తు సారూ, పిల్లలకు గిదేనా నేర్పింది?” అన్నాడు ఒకడు. ఆ మాట ఇంకా చెవుల్లో ఉంది. నేను నేర్పింది ఆమ్లాలు, క్షారాలు, సూచికలు. ఆ టేబుల్ మీదున్న బ్యూరెట్‌తోనే వేలమంది పిల్లలకు చేయి కదలకుండా చుక్క చుక్క వదలడం నేర్పాను. అది అక్కడ సాక్ష్యంగా నిలబడితే గొంతు పెగల్లేదు. మధ్యాహ్నానికల్లా ఆ ఫోటో మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఉంది, కింద ‘రిటైర్డ్ లెక్చరర్ ఇంట్లో నాటుసారా’ అని.

ఒక్క పరీక్ష, అగ్గిపుల్లతో అయిపోయే పరీక్ష, చూడ్డానికి ఇష్టపడనివాళ్లు సోదాకు ఎందుకు రావాలి? అనుమానం ఉంటే రావడం వాళ్ల డ్యూటీయే, కాదనను. కానీ తేలకముందే ఫోటో తీసి ఊరికి పంచడం ఏ డ్యూటీ?

పంచనామా రాసి, శాంపిల్ సీసాలకు లక్క వేసి, సాయంత్రం నా జామీను మీదే పంపించారు. తర్వాత వారానికి రెండుసార్లు తిరిగాను. రిపోర్టు రాలేదు. రిపోర్టు వచ్చింది, సారు లేడు. సారు ఉన్నాడు, బందోబస్తుకు పోయాడు. అక్కడి బెంచీ ఒక కాలు పొట్టిది, కూర్చున్నప్పుడల్లా టకామని ఒరిగేది. 41వ రోజున రిపోర్టు చదివి వినిపించారు, అది సిర్కా, సారా కాదు అని. క్షమించండి అనే మాట ఎవరి నోటా రాలేదు. పీపాలు చేతికి రావడానికి ఇంకో 11 రోజులు పట్టింది.

సామాన్ల గది తలుపు తీసినప్పుడు ముందు నాకు కనిపించింది నేల. షాబాదు బండ మీద జానెడు వెడల్పున తెల్లటి గరుకు మచ్చ. సిర్కా సున్నపురాయిని తింటుంది, ఆ బండ సున్నపురాయే. చూడగానే అర్థమైంది. కింది పీపా, నాలుగేళ్ల సొలేరా, కుళాయి సగం తిరిగి ఉంది. ఎవరు తిప్పారో, ఎప్పుడు తిప్పారో తెలియదు. పీపా ఎత్తితే తేలిగ్గా పైకి లేచింది. ఏప్రిల్ ఎండకు పలకలు ఎండి, మధ్యన నోటు దూర్చేంత సందులు. పై రెండు పీపాలు దెబ్బ తినలేదు, ఆవిరైపోగా నాలుగేసి లీటర్లు మిగిలాయి. నష్టం రాసిమ్మన్నాను. “తీస్కపో సారూ, ఇచ్చిందే ఎక్కువ” అన్నారు. తెచ్చుకున్నాను.

మీరు ఈ పని మొదలుపెడితే పీపా మీద అరచేయంత అక్షరాలతో సిర్కా అని రాయండి. గాజు సామాను వేరే గదిలో పెట్టండి. పీపా కొన్న బిల్లు, మొదటి రోజు నుంచి కొలతల నోటుబుక్కు చేతికందేలా ఉంచండి, నాకు చివర్లో పనికొచ్చింది ఆ నోటుబుక్కే. పక్కింటివాళ్లకు ముందే ఒక్కో చిన్న సీసా ఇచ్చి రండి. నాలుగేళ్లు మా గల్లీలో ఎవరికీ ఒక్క చుక్క ఇవ్వలేదు, అది నా పొరపాటే. కానీ ఫోన్ చేసినవాళ్లు ముందు గేటు కొట్టి నన్ను అడగాల్సింది, ఆ మాట వాళ్ల మొహం మీదే అంటాను. గ్రూపులోంచి ఫోటో తీసేయమని మూడుసార్లు అడిగాక తీశారు. రిపోర్టు కాపీని నేనే అదే గ్రూపులో పెట్టాను. చూసినట్టు నీలిరంగు టిక్కులైతే పడ్డాయి.

ఎండిన పీపాను పారేయొద్దు. వేడినీళ్లతో రెండుసార్లు కడిగి, గోలెంలో నిండా నీళ్లు పోసి ముంచి పెట్టాను. మొదటి రాత్రి పలకల సందుల్లోంచి బుడగలు సన్నగా కూస్తూ వచ్చాయి. మంగళవారం మధ్యాహ్నానికి బుడగలు ఆగాయి. బుధవారం పీపాలో నీళ్లు నింపి కింద పేపరు పరిచాను, పది నిమిషాలకో చుక్క. గురువారం పొద్దున పేపరు పొడిగా ఉంది.

ఇక నింపాలి. మధ్య పీపాలోంచి లీటరున్నర దించొచ్చు, కానీ అది చిన్న వయసుది, దాంతో సొలేరా అనిపించుకోదు. జనవరిలో తీసిన లీటరున్నరలో సగం పరకాలలో మా అక్కకు ఇచ్చిన సంగతి మా ఆవిడ గుర్తుచేసింది. ఫోన్ చేస్తే, “ఉల్లిగడ్డల మీద పోసుకుంటున్న తమ్మీ, ఇంకా సగం పైనే ఉంది” అంది. ఇవాళ పొద్దుటి బస్సుకు చీరకొంగులో చుట్టుకుని తెచ్చింది. బీరువాలో దాచిందట, దీపం నూనెలా.

పీపా మూతికి గరాటు పెట్టి అక్కతోనే పోయించాను. గదంతా ఆ ఎండు ఖర్జూరం వాసన. దాని వెంటే మధ్య పీపాది లీటరున్నర పోసి, బెజ్జానికి బట్ట కట్టాను. అక్క సీసాను వెలుతురుకు ఎత్తి చూసుకుని, అడుగున మిగిలిన గరిటెడు తన కోసం వెనక్కి తీసుకుపోతానని సంచిలో పెట్టుకుంది.