టీ బండి మీంచి ఫిరంగి దగ్గరికి

బ్రూక్ బాండ్ అంటే మనకు వంటింట్లో టీ పొడి డబ్బా. లండన్‌లో అదే కంపెనీ టీ బండి మీద డెలివరీ బాయ్‌గా పనిచేసేవాడు జాక్ కార్న్‌వెల్. వాళ్ల నాన్న ఈలై పాత సిపాయి, 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలవగానే ఆ వయసులో మళ్లీ సైన్యంలో చేరాడు, సవతి అన్న ఆర్థర్ కూడా సైన్యంలోనే. ఇక వీడు ఆగుతాడా! 1915 అక్టోబరులో, నాన్న అనుమతి లేకుండానే, నేవీలో చేరిపోయాడు. అప్పటికి 15 ఏళ్లు.

1916 మే 31న బ్రిటిష్, జర్మన్ నౌకాదళాలు తలపడిన జట్లండ్ సముద్ర యుద్ధంలో జాక్ ఉన్న చెస్టర్ అనే క్రూజర్ (యుద్ధనౌక) మీద నాలుగు జర్మన్ క్రూజర్లు విరుచుకుపడ్డాయి. హెడ్‌ఫోన్‌లో వినిపించే ఆర్డర్ల ప్రకారం ఫిరంగి గురి సరిచేయడం వాడి డ్యూటీ. ఆ ఫిరంగి ముందున్న ఉక్కు కవచం డెక్ దాకా దిగదు, అడుగున సందు. గుండు పేలితే ముక్కలు ఆ సందులోంచి దూసుకొచ్చి కాళ్లు తెగ్గొట్టేవి. వీరగాథలు చెప్పేవాళ్లు ఈ సందు సంగతి ఎత్తరు, నాకు ఒళ్లు మండేది అక్కడే. చుట్టూ జట్టువాళ్లు చచ్చి, గాయపడి పడి ఉన్నారు, తన ఛాతీలో ఉక్కు ముక్కలు దిగాయి, అయినా ఆర్డర్ వస్తుందేమోనని వాడు అక్కడే నిలబడ్డాడు. జూన్ 2న గ్రిమ్స్‌బీ ఆసుపత్రిలో ప్రాణం పోయింది. తల్లి లిల్లీ బయల్దేరి వెళ్లింది గానీ కడసారి చూపు దక్కలేదు.

ఇంట్లో డబ్బుల్లేక ఉమ్మడి గోతిలో పూడ్చారు. తర్వాత సంగతి పేపర్లకెక్కి గోలయ్యాక, జులై 29న శవాన్ని బయటికి తీసి సకల లాంఛనాలతో మళ్లీ ఖననం చేశారు. బ్రిటన్‌లో అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ ప్రకటించారు. బొమ్మ గీయడానికి మనిషి లేడు కదా, అన్నదమ్ముల్లో ఒకణ్ణి నిలబెట్టి గీశారు! స్కూలు పిల్లలు వాడి బొమ్మ ఉన్న పెన్నీ స్టాంపులు కొన్నారు, ఆ డబ్బు గాయపడిన నావికుల ఆసుపత్రి వార్డుకని. మంచి పనే, కాదనను. కానీ కన్నతల్లి సంగతో?

అక్టోబరులో ఈలై డ్యూటీలో ఉండగానే జబ్బుచేసి పోయాడు, కొడుకు గోతిలోనే పెట్టారు. నవంబరులో లిల్లీ ప్యాలెస్‌కి వెళ్లి రాజు చేతుల మీదుగా ఆ పతకం అందుకుంది. 1918లో ఫ్రాన్స్‌లో ఆర్థర్ కూడా యుద్ధానికి బలయ్యాడు. 1919లో ఆమె పేదరికంలోనే కన్నుమూసింది, 48 ఏళ్లకే.