సర్వాదా గుడి, లేవీయకాండంలోని భూమి లెక్క

బైబిల్లోని లేవీయకాండం 25వ అధ్యాయం మన కథోలిక పూజల్లో వినిపించేది తక్కువ. బేసి సంవత్సరాల్లో సామాన్య కాలపు 17వ వారం శనివారం చదువుతారు, అదీ 17వ వచనం దగ్గర ఆపేస్తారు. అసలు మాట 23వ వచనంలో ఉంది: భూమి దేవునిది, దాన్ని శాశ్వతంగా అమ్మకూడదు. ఈ వచనం ఒక ఊళ్లో ఎలా బతికిందో జార్ఖండ్ అడవుల్లోని సర్వాదా విచారణ (పారిష్) చరిత్రలో కనిపిస్తుంది.

అది ముండా గిరిజనుల నేల. అడవి కొట్టి పొలం చేసిన వంశానికే భూమి ఉమ్మడిగా చెందడం వాళ్ల ఖూంట్‌కట్టీ పద్ధతి. పూర్వీకుల ఎముకల మీద పరిచిన ససందిరి రాళ్లే పట్టా. జమీందారుల కాగితాల ముందు ఆ రాళ్లు నిలవలేదు. 1885లో ఆ ప్రాంతంలోని తోర్పాకు వచ్చిన బెల్జియం యేసుసభ గురువు కాన్‌స్టంట్ లీవెన్స్ రైతులకు చెప్పింది సూటిగా ఉంది: న్యాయమైన శిస్తు కట్టండి, రసీదు అడగండి, వెట్టికి పోకండి. వేలమంది జ్ఞానస్నానానికి వచ్చారు. భూమి కోసం వచ్చారని వెక్కిరించేవాళ్లున్నారు. బైబిల్లో ఐగుప్తు విడిచిన ఇశ్రాయేలీయులు మాత్రం వెట్టి తప్పించుకోవడానికి కాక మరెందుకు బయల్దేరారు?

1899 డిసెంబరు 24న, క్రిస్మస్ ముందు రాత్రి, ముండా తిరుగుబాటు నాయకుడు బిర్సా అనుచరుల బాణాలు సర్వాదా మిషన్ మీద పడ్డాయి. అక్కడి గురువు జాన్ హాఫ్‌మన్ బిర్సాను వ్యతిరేకించి ప్రభుత్వం వైపు నిలిచినవారు, దాన్ని దాచక్కర్లేదు. అయినా ఆ బాణాల వెనకున్న భూమి గోడు ఆయనకు తెలుసు. 1908 ఛోటానాగ్‌పుర్ కౌలుదారీ చట్టానికి ఆయన రాసిన ముండా భూమి పద్ధతుల వివరాలు అక్కరకొచ్చాయి. 1909లో అప్పుల ఊబి నుంచి బయటపడేందుకు కథోలిక సహకార పరపతి సంఘం పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, జర్మన్ అయినందుకు, 1915లో దేశం విడవాల్సి వచ్చింది.

ఆ 1908 చట్టంలో భుగుత్ బంధా అనే తాకట్టు ఉంది. అప్పిచ్చినవాడు గడువు మేరకు, సాధారణంగా ఏడేళ్లకు మించకుండా, పంట తింటాడు. అసలూ వడ్డీ ఆ పంటతోనే తీరిపోతాయి, పొలం తిరిగొస్తుంది. లేవీయకాండం లెక్కా ఇంతే. అమ్మేది నేలను కాదు, భూములు సొంతదారులకు తిరిగి చేరే యాభయ్యో ఏడు వచ్చేదాకా మిగిలిన పంటలను. ఏళ్లు తగ్గితే ధర తగ్గాలి. ముందే విడిపించుకోవాలంటే మిగిలిన ఏళ్ల విలువ లెక్కగట్టి ఇస్తే చాలు. ప్రాకారమున్న పట్టణంలో ఇల్లమ్మితే ఏడాదిలోపు విడిపించుకోవాలి, లేకపోతే పోయినట్టే. ప్రాకారం లేని పల్లె ఇల్లు మాత్రం పొలంతో సమానం, యాభయ్యో ఏట తిరిగొస్తుంది. అడవి పల్లె వాడికి ఇది చిన్న తేడా కాదు.

చెడేది ఎక్కడంటే నోటిమాట తాకట్టులో. గడువు రాసుండదు, ఏడేళ్లు పదిహేనవుతాయి. రెండోది బినామీ: పేరు గిరిజనుడిది, సాగు వేరొకరిది. మన ఏజెన్సీలో గిరిజనుల భూమి ఇతరుల చేతికి పోకుండా 1970 నుంచి 1/70 చట్టం అమల్లో ఉన్నా ఈ దొంగదారి మూతపడలేదు. బైబిల్లో ఆహాబు రాజు కాజేసిన నాబోతు ద్రాక్షతోట పోయిందీ ఇలాగే, రాజముద్ర వేసిన ఉత్తరాలతో, ఇద్దరు దొంగసాక్షులతో.