1947–57 చిల్లర పెట్టె: గుంటూరు జేబు, హైదరాబాదు జేబు

రెండో ప్రపంచయుద్ధం ముగిశాక పదేళ్లపాటు మామూలు మనిషి జేబులో ఏ చిల్లర ఆడేదో ట్రేల్లో అమర్చడం ఈ పని: భారత రూపాయి నడిచిన గుంటూరులోనూ, నిజాం సొంత నాణెం నడిచిన హైదరాబాదులోనూ. క్యాటలాగు నాణేలను ముద్రించిన ఏడాది ప్రకారం పేరుస్తుంది. జేబు అలా నడవదు. 1951 నాటి జేబులో సింహాల బొమ్మ కొత్త నాణేల కంటే రాజు తలకాయలే ఎక్కువ. అందుకే ఇక్కడ వరస చలామణిది. ప్రతి ట్రేలోనూ పాతవి, కొత్తవి కలిసే ఉంటాయి.

మొదటి ట్రే, 1946–49. ఇది దాదాపు పూర్తయింది. యుద్ధకాలపు లోహాల కరువంతా ఇక్కడ కనిపిస్తుంది. 1940 నుంచి రూపాయిలో వెండి సగానికి పడింది. 1943లో రాగి పొదుపు కోసం కాణీకి (పావు అణా) నడిమధ్య చిల్లు పెట్టారు. 1946లో పావలా, అర్ధరూపాయి నికెల్‌కు మారాయి, 1947లో రూపాయి కూడా. ఈ నికెల్ నాణేల వెనక పులి ఉంటుంది. సంతలో 1947 రూపాయిని ‘వెండిది’ అని అమ్మజూపితే అయస్కాంతం చూపండి. నికెల్ అతుక్కుంటుంది, వెండి అతుక్కోదు. అయితే ఇనుముతో చేసిన నకిలీ కూడా అతుక్కుంటుంది. కాబట్టి తూకం, వ్యాసం రెండూ చూడాలి: 11.66 గ్రాములు, అంటే తులం. వ్యాసం 28 మిల్లీమీటర్లు. సగం వెండి ఉన్న రూపాయి కూడా తులమే, కానీ వెడల్పు 30.5. చదరపు బేడ (రెండణాలు), అంచు వంకీలు తిరిగిన అణా రాగి, నికెల్ కలిసిన క్యుప్రోనికెల్‌వి. వాటిని అయస్కాంతం పట్టదు.

స్వాతంత్ర్యం వచ్చాక మూడేళ్లపాటు నాణెం మారలేదు. తపాలా మాత్రం ముందే కదిలింది. 1947 నవంబరు 21న ‘జై హింద్’ అక్షరాలతో మూడున్నర అణాల జెండా స్టాంపు వచ్చింది. అయినా రోజువారీ ఉత్తరాలకు వాడే స్టాంపుల్లో రాజు స్థానంలోకి అజంతా ఏనుగు, కోణార్క గుర్రం వంటి బొమ్మల వరస వచ్చింది 1949 ఆగస్టు 15న. ఒక రూపాయి నోటు మీద అశోక స్తంభం కూడా 1949లోనే. ట్రే పక్క అరలో వీటికి ఒక్కొక్క నమూనా చాలు. ఇది స్టాంపుల ఆల్బం కాదు.

రెండో ట్రే, 1950–56. 1950 ఆగస్టు 15న అణాల పద్ధతిలోనే కొత్త నాణేలు వచ్చాయి. ముందువైపు సింహాలు. వెనక కాణీకి గుర్రం, అర్ధణాకు, అణాకు, బేడకు ఎద్దు, పావలా నుంచి పైకి ధాన్యపు కంకులు. కాణీలు కొనేటప్పుడు ఒక జాగ్రత్త: 1950 నాటిది మందం, 1953 నాటిది పలచన. రెండూ అసలైనవే, పలచనదాన్ని నకిలీ అనుకోకండి.

ఈ ట్రేలో మనవాళ్లు ఆగి చూడాల్సింది ఇంకొకటి ఉంది. రాజు కాలపు అణా నాణెం మీద విలువ ఇంగ్లీషుతో పాటు ఉర్దూ, నాగరి, బెంగాలీ, తెలుగు లిపుల్లో ఉండేది. 1950 అణా మీద ఇంగ్లీషు, హిందీ మాత్రమే మిగిలాయి. నాణెం మీద తెలుగు ఉన్నది పరాయి పాలనలో, పోయింది సొంత పాలనలో. నోటు మీద భాషల పట్టీలో మాత్రం నిలిచింది. భాషాప్రాతిపదికన రాష్ట్రం కోసం ఆందోళన సాగి, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది ఈ ట్రే కాలంలోనే. అందుకే పాత అణాను తెలుగు అక్షరాలు కిందికి రాకుండా, పైకి కనబడేలా తిప్పి పెట్టండి. అరిగిన నాణెంలో మొదట మాసిపోయేవి ఆ సన్నటి అక్షరాలే. ఇక్కడ చవక రకం పనికిరాదు, కాస్త ఎక్కువ పెట్టైనా మంచిదే కొనాలి.

మూడో ట్రే హైదరాబాదుది. సగమే అయింది. 1948 సెప్టెంబరు సైనిక చర్య తర్వాత కూడా నిజాం సంస్థానపు సొంత రూపాయి అయిన హాలీ సిక్కా ఆగలేదు; భారత రూపాయి పక్కనే 1959 దాకా నడిచింది. మారకం ఏడు హాలీకి ఆరు కల్దారు (భారత రూపాయి). అంటే హాలీ రూపాయి విలువ కల్దారు లెక్కలో సుమారు 13 అణాల ఎనిమిదిన్నర దమ్మిడీలు (అణాకు 12 దమ్మిడీలు). గుర్తుపట్టడం తేలిక: చార్మినారు బొమ్మ ద్వారంలో ‘ఐన్’ అనే ఉర్దూ అక్షరం ఉంటే నిజాం ఉస్మాన్ అలీఖాన్‌ది, ‘మీమ్’ ఉంటే అంతకుముందటి మహబూబ్ అలీఖాన్‌ది. రూపాయి తూకం సుమారు 11.2 గ్రాములు, తులానికి తక్కువ. తేదీ దగ్గరే చిక్కు. నాణెం మీద ఉండేది హిజ్రీ సంవత్సరం: 0.97తో గుణించి 622 కలపాలి. 1366 అంటే 1947 చుట్టుపక్కల. ట్రేలో పక్కన పెట్టే రశీదులు, దస్తావేజుల మీద ఉండేది ఫస్లీ, అంటే రెవెన్యూ లెక్కల సంవత్సరం: దానికి 590 కలిపితే చాలు. రెంటికీ ఒకే సూత్రం వాడితే సుమారు తొమ్మిదేళ్ల తేడా వస్తుంది.

నాలుగో ట్రే, 1957. ఏప్రిల్ 1న రూపాయికి 64 కాణీలు పోయి 100 నయా పైసలు వచ్చాయి. 1 (కంచు), 2, 5, 10 (క్యుప్రోనికెల్), 25 (నికెల్) చాలు. 50 నయా పైసలు ఇందులో పెట్టకండి, అది 1960లో వచ్చింది. నయా పైస మీద ‘రూపాయిలో నూరోవంతు’ అని హిందీలో రాసి ఉంటుంది, జనానికి లెక్క నేర్పడానికి. అవసరమే మరి: అణా అంటే 6.25 నయా పైసలు కదా. ప్రభుత్వ పట్టిక ప్రకారం అణాకు 6, బేడకు 12, మూడణాలకు 19, పావలాకు 25. అణా సరుకు నాలుగుసార్లు విడివిడిగా కొంటే 24, ఒకేసారి కొంటే 25. ట్రే మూత లోపల ఈ పట్టిక అతికించాలి. అప్పట్లో పాత నాణేలూ చెల్లుతూనే ఉండేవి కాబట్టి, ఈ ట్రేలో ఒక అణా, ఒక బేడ, ఒక పావలా తప్పనిసరి.

భద్రపరచడం గురించి. చింతపండుతో తోమకండి. రాగి, కంచు నాణేలు బిందెలా మెరుస్తాయి గానీ పైపొర పోయి, విలువ బాగా పడిపోతుంది. మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దాలి. జిడ్డుకు అసిటోన్, కిటికీ తీసి, మంటకు దూరంగా. పీవీసీ కవర్లలో పెడితే ఆకుపచ్చ జిగురు పడుతుంది. మైలార్ (పారదర్శక ప్లాస్టిక్ పొర) కిటికీ ఉన్న అట్ట హోల్డర్లు తీసుకోండి. కోస్తా గాలికి వాటి పిన్నులు తుప్పుపడతాయి, అందుకే అతుక్కునే రకం మేలు. ట్రేకి ఒక సిలికా జెల్ పొట్లం, వానాకాలం ముందు మార్చాలి.

ఇంకా కావలసినవి: నాలుగు లిపులూ చదవగలిగే 1947 అణా, ‘ఐన్’ స్పష్టంగా ఉన్న హాలీ ఎనిమిదణాల నాణెం, అంచు నలగని 1957 రెండు నయా పైసలు.