నిలబడ్డ లిఫ్ట్ తినే కరెంటు

మెట్లెక్కి కరెంటు ఆదా చేస్తున్నానని నాకు కొన్నాళ్లు తెగ గర్వంగా ఉండేది. మాది ఐదో ఫ్లోర్, మొత్తం 100 మెట్లు. ఆయాసపడుతూనే ఎక్కేవాణ్ణి, దిగేటప్పుడు మాత్రం లిఫ్ట్, ఎందుకంటే కిందికి రావడానికి దానికి కరెంటెందుకు, బరువుకి అదే జారుతుంది కదా అని. తీరా చూస్తే అంతా తలకిందులు.

లిఫ్ట్ మోటారు మనల్ని ఒంటరిగా మోయదు. బావి గిలకకి ఒక వైపు బొక్కెన, రెండో వైపు రాయి కట్టినట్టు, తాళ్లకి ఒక చివర మనం ఎక్కే క్యాబిన్, ఇంకో చివర ఇనప దిమ్మలు పేర్చిన కౌంటర్ వెయిట్ ఉంటాయి. ఆ దిమ్మల బరువు ఎంతంటే, ఖాళీ క్యాబిన్ బరువు, దానిమీద లిఫ్ట్ మోయగలిగే బరువులో దాదాపు సగం. 600 కిలోలు మోసే లిఫ్ట్‌లో 70 కిలోల మనిషి ఒక్కడే ఎక్కాడనుకోండి, అవతలి వైపే ఇంకా 230 కిలోలు ఎక్కువ! అంటే నేను పైకి పోతుంటే కౌంటర్ వెయిట్ తనంతట తానే కిందికి దిగుతూ నన్ను పైకి లాగేస్తుంది, మోటారు పని దాన్ని ఆపి పట్టుకోవడమే. నేను కిందికి దిగేటప్పుడు మాత్రం ఆ 230 కిలోల్ని పైకెత్తాలి. (నూనె ఒత్తిడితో నడిచే హైడ్రాలిక్ లిఫ్ట్‌ల సంగతి వేరు, వాటికి మామూలుగా ఈ దిమ్మలు ఉండవు.)

అలాగని ఎక్కడం ఉచితమని సంబరపడక్కర్లేదు. నన్ను పైన దింపిన లిఫ్ట్‌ని కింద ఇంకెవరో పిలుస్తారు, అది ఖాళీగా దిగుతుంది, ఖర్చు అప్పుడు పడుతుంది. నిజానికి సగం నిండిన లిఫ్టే అన్నిటికన్నా చవక, రెండు వైపులా బరువు సరిపోతుంది కాబట్టి. ఇద్దరు ముగ్గురు ఎలాగూ వెళ్తున్న లిఫ్ట్‌లో మనం కూడా ఎక్కితే పెరిగే ఖర్చు దాదాపు ఏమీ ఉండదు. పైకి వెళ్లాల్సిన మనిషి పైకీ కిందికీ రెండు బటన్లూ నొక్కేస్తాడు చూడండి, దాంతో లిఫ్ట్ అనవసరంగా ఇంకోసారి వచ్చి ఆగుతుంది, నాకు ఒళ్లు మండేది అక్కడే.

సరే, ఒక్కణ్ణే ఐదు ఫ్లోర్లు దిగితే ఎంత ఖర్చు? 230 కిలోలు, 15 మీటర్లు, లెక్క కడితే యూనిట్‌లో నూరో వంతు కూడా రాలేదు. మోటారు నష్టాలు కలిపితే కాస్త దాటుతుంది, అంతే. 1000 వాట్ల ఇస్త్రీపెట్టె అర నిమిషంలో దాదాపు అంత తాగేస్తుంది. ఇక 100 మెట్లెక్కితే నా ఒంట్లో కరిగేది పదీ పన్నెండు క్యాలరీలు, ఒక చెంచా పంచదార కూడా కాదు. నా గర్వం ఖరీదు అదన్నమాట.

మరి కరెంటు ఎక్కడ పోతోంది? ఒకరోజు రాత్రి పొద్దుపోయాక వచ్చాను. లిఫ్ట్ కిందే ఆగి ఉంది. తలుపు అద్దంలోంచి చూస్తే లోపల ఎవరూ లేరు, లైట్లు వెలుగుతున్నాయి, ఫ్యాను మాత్రం గాలి ఎవరికి విసురుతోందో తెలీదు. ఆ రెండూ కలిపి 60 వాట్లే అనుకున్నా, రోజంతా ఉంటే దాదాపు యూనిటున్నర, అంటే నేను ఒంటరిగా వంద సార్లు దిగినంత. కంట్రోల్ ప్యానెల్ తినేది దానికి అదనం. జనం పెద్దగా తిరగని బిల్డింగుల్లో కదిలే లిఫ్ట్ కంటే నిలబడ్డ లిఫ్టే ఎక్కువ తినొచ్చు.

మొన్న సర్వీసుకొచ్చిన అతన్ని అడిగాను, ఎవరూ లేనప్పుడు ఇవి ఆరిపోయేలా పెట్టలేమా అని. ఆ సెట్టింగ్ మొదట్నుంచీ ఉందట, ఎవరూ అడగలేదు కాబట్టి ఆన్ చేయలేదట. ఐదు నిమిషాల్లో పెట్టేసి వెళ్లాడు. మర్నాడు అద్దంలోంచి లోపల చీకటిగా కనిపించేసరికి లిఫ్ట్ పాడైందనుకుని ఇద్దరు మెట్లెక్కి వచ్చారు, వాళ్లలో ఒకాయన రొప్పుతూ నాకే కంప్లయింట్ చేశాడు.